విత్తనానికి వదిలిన వరస

తమ్ముడు క్రాంతికి,

ప్రభువు కృప నీకు తోడుండాలని రోజూ అడుగుతున్నాను. ఇక్కడ పక్కింటి నీలవేణి క్షేమం, దాని కోళ్ళూ క్షేమం. నా సంగతి చివర రాస్తాను.

అమ్మ నాటి ముల్లంగి విత్తనం పంపమన్నావు, అక్కడ మడి వేసుకుంటానన్నావు. ముందు నువ్వడిగిన, మన ముల్లంగికి పట్టిన పురుగు సంగతి. కళ్ళజోడు పెట్టుకుని కాళ్ళు లెక్కపెట్టాను. గొంగళి పురుగుకైతే పొట్ట కింద మెత్తటి కాళ్ళు అయిదు జతలకు మించవని రాశావు. వీటికి ఎనిమిది. ఒళ్ళు నలుపు తిరిగిన ఆకుపచ్చ, నిండా ముడతలు, నూగు లేదు. ముట్టుకుంటే చాలు, చుట్ట చుట్టుకుని రాలిపోతుంది. నువ్వన్న అథాలియా జాతే, ఆవకీ ముల్లంగికీ పట్టే రంపపు ఈగ పిల్లలే. మొదట్లో ఆ నారింజరంగు ఈగలు ఆకుల మీద తిరుగుతుంటే ముచ్చటగా ఉన్నాయని చూస్తూ కూర్చున్నాను.

అమ్మ పద్ధతి నీకు తెలుసు. కోతపండక్కి దుంపలు పీకి గుడికి పట్టుకెళ్ళినా, ఒక వరస విత్తనానికి వదిలేది. అది దేవుడి వరస, మందు కొట్టకూడదు. నేనూ కొట్టలేదు. పొద్దున్నే వెళ్ళి పురుగుల్ని వేలితో తట్టేదాన్ని. రాలి, ముడుచుకుని, కదలకుండా పడుండేవి. చచ్చాయనుకుని స్తోత్రం చెప్పుకుని ఇంటికొచ్చేదాన్ని.

నీలవేణే కనిపెట్టింది. "ఓలక్కా, నువ్వు పార్దన సేసి అటెల్తే అవి లెగిసి మల్లీ సెట్టెక్కుతన్నాయే! సచ్చినట్టు నాటకాలాడతన్నాయి. నలిపెయ్యాల గానీ, సోత్రం సెప్తావేటి?"

అప్పటికి ఆకుల్లో ఈనెలే మిగిలాయి. లేత కాయల తోలు కూడా గీకేశాయి. గింజ పట్టలేదు. డబ్బాలో పాతది ఏమీ ఉంచలేదు, ఉన్నదంతా ఈసారే చల్లేశాను. అమ్మ విత్తనం ఇక లేదు తమ్ముడూ.

అంతా ఎందుకు చల్లావంటావు. ఇదే నాకు ఆఖరి పంటనిపించి. నాకున్నది మన ఉద్దానం కిడ్నీ జబ్బే. పోయినేడు కాళ్ళ వాపు తగ్గితే, స్వస్థత దొరికిందని గుడిలో లేచి సాక్ష్యం చెప్పాను. నీకూ అదే రాశాను. అది పోలేదు, కాస్త ఊరుకుందంతే. ఇప్పుడు వారానికి రెండుసార్లు పలాస వెళ్ళి డయాలిసిస్ చేయించుకుంటున్నాను. ఫోన్లో నీ గొంతు వింటే చెప్పలేను, అందుకే ఈ ఉత్తరం.

ప్రార్థన మానలేదు. ఏమడగాలో మాత్రం తెలియడం లేదు.

పలాస నుంచి వచ్చిన రోజు మంచం మీద ముడుచుకుని పడుంటాను. నీలవేణి వచ్చి వేలితో అరికాలు తట్టి చూస్తుంది. "ఉన్నావేటక్కా?" అంటుంది. కదులుతాను. అది నవ్వుతుంది, నేనూ నవ్వుతాను.

విత్తనం కోసం ఎదురుచూడకు. నేనింకా కదులుతుండగానే ఒకసారి రా.

ఇట్లు,
నీ పెద్దక్క
జ్ఞానసుందరి