కారు చప్పుడు పోయింది

అమ్మడూ, నీకు ఇన్నాళ్ళూ చెప్పని మాట ఒకటుంది. చివరి రోజున ఆస్పత్రికి వెళ్తున్నప్పుడు, ఇంజను టకటకలో మాట వినపడదని మీ అమ్మ ఎప్పటిలాగే నా భుజం మీద రెండుసార్లు తట్టింది. కారు పక్కకు తీసి ఇంజను కట్టేశాను. "ఈ చప్పుడు బాగుచేయించకూడదూ? తిరిగొచ్చేటప్పుడు కబుర్లు చెప్పుకుంటూ వద్దాం" అంది. తిరిగి నేనొక్కడినే వచ్చాను.

ఈరోజు ఆ చప్పుడు పోయింది! మెకానిక్ పాత ఆయిల్లో ఒక డబ్బా మందు పోసి, "ఇంజనుకు విరేచనాల మందు సార్, పావుగంట ఆగండి" అన్నాడు. అంతసేపూ ఇంజను నడవనిచ్చి ఆయిల్ దించితే కాటుకలాంటి మడ్డి వచ్చింది. లోపల అరిగిపోయి ఉంటే ఈ మందు పనిచేసేది కాదట. మన అదృష్టం, మడ్డే కారణం. కొత్త ఆయిల్ పోశాక తాళం తిప్పాను. ఏమీ వినపడలేదు. మళ్ళీ తిప్పితే కర్రుమంది. "ఆపండి సార్, అది ఎప్పుడో స్టార్టయింది!" అంటూ అతను పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరం పగలబడి నవ్వాం.

పాత ఇనుముకు అమ్మేయమన్నావు కదా, ఆ మాట వెనక్కి తీసుకో. కారు ఇవ్వను. పాపకు దగ్గు తగ్గిందా? మన కుక్కరు రబ్బరు ఏ సైజో రాయి, పాతది సాగిపోయింది. అల్లుడికీ పాపకూ నా ఆశీస్సులు.

రేపు పొద్దున్నే ఆ రోజు ఆపిన చోటుకు వెళ్తాను. ఇంజను కట్టేయకుండానే మీ అమ్మకు ఈ సంగతి చెప్తాను.

నాన్న