సుంకమ్మక్క వాకిట్లో మన కారు

కంబదూరు,
ఆదివారం.

నాన్నగారికి నమస్కారాలు.

మీరూ అమ్మా క్షేమమేనా? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నేను బాగున్నాను. నిజంగానే. సంగటి అలవాటైంది. తెనాలి కాలవలు మాత్రం కలలోకి వస్తున్నాయి. ఇక్కడ కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. బడి దాటితే నాతో మాట్లాడేవాళ్లు తక్కువ.

మన కారు ఇంజిన్ ఆయిల్ కారింది. ఫోన్లో చెబితే అమ్మేద్దామంటారని చెప్పలేదు. బడి ఉన్న ఊరికి పొద్దున బస్సు లేదు, కారు లేకపోతే ఉద్యోగమే లేదు. ఇంటావిడ సుంకమ్మక్క వాకిట్లో మరకలు చూసింది. వేరుశనగ కాయలు ఆరబోసేది అక్కడే.

"ఏమ్మా టీచరమ్మా, శెనక్కాయల నూనె మేము ఆడించుకుంటాం. నీ బండి నూనె మాకొద్దు. కాయలు ఇంటికొచ్చేలోపల బాగు చేసుకో, లేకుంటే బండి తీసెయ్" అంది.

ఆయిల్ అసలు ఎక్కడినుంచి వస్తోందో చూడాలనిపించింది. చుక్కలు ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ నుంచి పడుతున్నాయి, కానీ దాని బోల్టు పొడిగా ఉంది. ఇంజిన్ కడగడానికి నీళ్లడగాలంటే నోరు రాలేదు. డీజిల్ గుడ్డతో తుడిచి, కుందుర్పి వైపు మట్టిదారిలో తిప్పుకొచ్చాను. బానెట్ ఎత్తితే, తడి ఉన్నచోటల్లా ఎర్రదుమ్ము గీతలా అంటుకుని ఉంది. ఆ గీత వెంట పైకి పోతే, ఇంజిన్ మీది మూత అంచు!

అరువు తెచ్చిన పానాతో మూత బోల్టులు బలమంతా పెట్టి బిగించాను. మర్నాటికి ఇంకా ఎక్కువ కారింది.

"బాగు చేసినావా, బోరు ఏసినావా?" అంది అక్క.

కళ్యాణదుర్గంలో విడిభాగాల షాపుకి వెళ్లాను. మూత కింద రబ్బరు పట్టీ కావాలంటే, "మెకానిక్కును పంపీమ్మా" అన్నాడు.

"మెకానిక్ నేనే."

"నువ్వా! సరే. ఒకేపక్క బిగించొద్దు, మూత వంగుతాది."

మూత విప్పితే పాత పట్టీ అప్పడంలా విరిగింది. అంచులు తుడిచి కొత్తది పెట్టాను. కాన్వెంటులో సిస్టర్ ఎంబ్రాయిడరీ చట్రానికి గుడ్డ లాగడం నేర్పినట్టే, ఒక మూల కొంచెం, ఎదురు మూల కొంచెం బిగించాను. పొద్దున కారు కింద పరిచిన అట్టముక్క పొడిగా ఉంది.

"చూస్తాములే" అంది అక్క, నమ్మకుండా.

నిన్న కాయలు వచ్చాయి. వాకిలంతా పరిచాక, ఎప్పుడూ రాని వాన చినుకులుగా మొదలైంది. నేను గోనెసంచుల కోసం పరుగెత్తాను.

"సంచులెందుకు? కాయలు బండి కిందికి తోయి!" అని అరిచింది అక్క. తోశాం. వాన ఆగాక ఆమె సరిగ్గా ఇంజిన్ కిందున్న కాయ ఏరి, ఒలిచి, వాసన చూసి నోట్లో వేసుకుంది. రెండోది నా చేతిలో పెట్టింది.

కారు అమ్మకండి. మీ పెట్టెలోని పది నంబరు పానా పంపండి, అరువు తెచ్చింది తిరిగి ఇచ్చేయాలి. బామ్మకి నా నమస్కారాలు. మీ ఆశీస్సులు నాకు ఉండాలి. ఆ కుప్పలోవే గుప్పెడు కాయలు పంపుతున్నాను. అమ్మని వాసన చూసి తినమనండి.

మీ అమ్మాయి,
శారద