బండి ఆగిన తరువాతే

మహారాజశ్రీ అగ్నిమాపక కేంద్రాధికారి తాహిర్ గారికి, విశ్రాంత ఉపాధ్యాయుడు నమస్కరించి వ్రాయునది.

పదేళ్ల గాయాల వివరాలను మీరు కంప్యూటరులో చేర్చి చూడగా, సిబ్బందికి మంటలకన్నా కదులుతున్న బండి మీదినుంచి దూకడం వల్లనే ఎక్కువ దెబ్బలు తగిలాయని తేలినదట. ఎవరికీ తోచని సంగతిని కనిపెట్టారు. వెంటనే మెట్టు అమర్చి, బండి ఆగిన తరువాతే దిగాలని ఆజ్ఞాపించారు.

"మెట్టు దిగడానికి మేమేమన్నా కొత్త పెళ్లికూతుళ్లమా?" అని అందరినీ నవ్వించినవాడు మా అబ్బాయి నాంచారయ్యే. మోకాలు మరొక్కసారి చెడితే ఉద్యోగం దక్కదని వైద్యులు హెచ్చరించినదీ వాడినే.

మొన్న గూడూరులో గడ్డివాముల మంటలు ఆర్పివచ్చి, "మెట్టు మీదే దిగానమ్మా. నీళ్లు కొట్టడమేం ఆలస్యం కాలేదు, మోకాలూ నొప్పెట్టలేదు" అని తల్లితో చెప్పాడు. మీతో చెప్పడానికి వాడికి సిగ్గు. కావున ఈ ఉత్తరాన్ని రేపటి పరేడులో, వాడు ముందు వరుసలో ఉండగా, బిగ్గరగా చదవవలసినదిగా ప్రార్థన.