అలారం వెనక అమ్మ రాత

చిన్నీ,

ఏడేళ్ల కిందట జనవరి తొమ్మిదిన మనం మాడిన ఆమ్లెట్లు తిన్నాం, గుర్తుందా? మీ అమ్మ స్టూలెక్కి కార్బన్ మోనాక్సైడ్ అలారం బిగిస్తూ పొయ్యి సంగతి మరిచిపోయింది. "ఆ విషపు గ్యాసుకి వాసనుండదు, మీ ముక్కుని నమ్ముకోకండి" అని నాకు పాఠం కూడా చెప్పింది.

నిన్న అది కీచుమంటుంటే బ్యాటరీ మార్చాను. అయినా ఆగలేదు. విప్పి చూస్తే వెనక ఆ రోజు తారీఖు, కింద ఆవిడ రాత: "ఏడేళ్లకి మార్చాలి. బ్యాటరీ కాదండీ, మొత్తం!" నా సంగతి ఆవిడకి అప్పుడే తెలుసు.

కొత్తది బల్ల మీద ఉంది. నీ గది బయట, పాత మేకులకే తగిలించు. పరదా చాటున వద్దు. బటన్ నొక్కి, అరుపు విను. అప్పటిదాకా గ్యాస్ హీటర్ వెలిగించకు. దుప్పట్లు తీసి పెట్టాను. నేనే బిగించేవాణ్ణి, స్టూలెక్కితే కళ్లు తిరుగుతున్నాయి. నవ్వకు. లైబ్రరీ మూసి వచ్చేసరికి తొమ్మిదవుతుంది.

నాన్న

పాతది పారేయకు. అది పనికిరాదని తెలుసు, ఆ రాత నాకు కావాలి. కొత్తదాని వెనక తారీఖు నువ్వు రాయి, నాకో చీవాటు కూడా. నేనొచ్చేసరికి నిద్రపోతే లేపను. అలారం మీద పచ్చ లైటు వెలుగుతోందో లేదో చూసుకుని, నీ గది తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా వేసి వెళ్లిపోతాను.