ఎర్రదారం గుండీ

శుక్రవారం, మధ్యాహ్నం

మహారాజశ్రీ హంతకుడుగారికి,

నమస్కారాలు. నేనిక్కడ క్షేమం. మీ అక్కయ్య చేతివంట తింటూ నువ్వూ క్షేమమేనని తలుస్తాను. వదినను అడిగినట్టు చెప్పు.

మర్యాదలు అయ్యాయి కాబట్టి అసలు సంగతికి వస్తాను. మనం చెరో అధ్యాయం చొప్పున పత్రికకు రాస్తున్న నవలలో డిటెక్టివ్‌ను వంతెన మీంచి తోసి చంపేశావు. ఇదేమిటని అడిగితే, ప్రేమ జొరబడితే సస్పెన్స్ చల్లారిపోతుందని, ఇక నాతో కలిసి రాయలేనని సామాను సర్దుకున్నావు. సంపాదకుడూ నీ పక్కే. సోమవారానికల్లా అంత్యక్రియలతో ముగించమని ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు.

ముగించను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనుకో, నాకేం. చీకటిగదిలో కత్తి ఉంటే పాఠకుడికేం భయం? అందులోకి వెళ్తున్నది తను ఇష్టపడ్డ మనిషైతేనే కదా ఊపిరి బిగబడతాడు!

నిన్న నీ అధ్యాయం మళ్లీ చదివాను. ఏట్లో దొరికిన శవాన్ని ముఖం చూసి పోల్చలేక, కోటు చూసి డిటెక్టివే అన్నారు. ఆ కోటు గుండీలన్నీ నల్లదారంతోనే కుట్టి ఉన్నాయని రాశావు. అంతకుముందు నా అధ్యాయంలో, నల్లదారం అయిపోయి, అతను ప్రేమించిన నర్సు ఒక గుండీ ఎర్రదారంతో కుట్టిందే! సంపాదకుడు గమనించలేదు. కామా తప్పితే నిద్రపట్టని మనిషివి, ఇది నీ పొరపాటంటే నేను నమ్మాలా? ఒకరు వేసిన ముడిని రెండోవారు అడక్కుండా విప్పాలన్నది మన పద్ధతి. విప్పేశాను. శవం ఇంకెవరిదో. డిటెక్టివ్ బతికే ఉన్నాడు.

నా అధ్యాయం ఈ ఉదయమే ప్రెస్సుకు పంపేశాను. సంపాదకుడు అరిస్తే అరవనీ. అందులో నర్సు తలుపు గడియ తీసిపెట్టి కూర్చుంటుంది. మెట్ల మీద అడుగుల చప్పుడు. వచ్చేది ప్రియుడో, హంతకుడో చెప్పకుండా ఆపేశాను. చివరి అధ్యాయం వంతు నీది.

నువ్వు లేక ఇల్లు బోసిగా ఉంది. ఇది కథ కోసం రాసిన మాట కాదు. అలాగని బతిమాలతానని మాత్రం అనుకోకు.

ఇట్లు,
నీ రెండో కలం,
మొదటి, ఆఖరి భార్య

తా.క.: నల్లదారం దొరక్క నేను నిజంగా ఎర్రదారంతో గుండీ కుట్టింది నీ కోటుకే. నావన్నీ పట్టుకుపోతున్నానని వీధంతా వినేలా కేకలేసి మరీ వెళ్లావు. చొక్కాలు పోయాయి, చెప్పులు పోయాయి, చివరికి సబ్బుపెట్టె కూడా పోయింది. ఇంత చలిలో ఆ కోటు మాత్రం తలుపు వెనకే వేలాడుతోంది. సంపాదకుడికి ఆనవాళ్లు తెలియకపోవచ్చు, నాకు తెలుస్తాయి. గడియ తీసే ఉంచాను.