పారగాన్‌ని కూల్చిన జూన్

2012 జూన్ 4, సోమవారం

నిన్నటితో పారగాన్ థియేటర్ కథ ముగిసింది. చివరి ఆటకి నలభై మంది వచ్చారు. ఒకప్పుడు ఈ దీవిలో, మా లంబాసా ఊళ్ళో చెరకు డబ్బులు చేతికొచ్చిన వారం టికెట్ కిటికీ దగ్గర చొక్కాలు చిరిగేవి, పళ్ళు రాలేవి. ఎమోసి ఒక్కో చేత్తో ఒక్కో తాగుబోతుని మెడ పట్టుకుని రోడ్డు మీద పడేసేవాడు. పంతొమ్మిదేళ్ళు వాడు గేటు దగ్గర, ముప్పై ఒక్క ఏళ్ళు నేను పైన ప్రొజెక్టర్ రూంలో. మధ్యాహ్నం వాడు తెచ్చిన కర్రపెండలం నేను తినేవాణ్ణి, నా రొట్టెలు వాడు లాగించేవాడు.

ఓనర్ అమ్మేశాడు. కింద సూపర్ మార్కెట్, పైన రెండు చిన్న హాళ్ళు కడతారట. బటన్ నొక్కితే సినిమా దానంతటదే ఆడుతుందట. ఇక ఆపరేటర్ అక్కర్లేదని కొన్న పెద్దమనిషి నా మొహం మీదే చెప్పాడు. బటన్ నొక్కడానికైనా వేలు కావాలి కదా సార్ అన్నాను. నవ్వాడు. ఆ పళ్ళు రాలగొట్టాలనిపించింది.

జూన్ 6

ఎమోసి కూల్చేవాళ్ళ దగ్గర పనికి చేరాడు. పంతొమ్మిదేళ్ళు కాపలా కాసిన తలుపుని ఇవాళ వాడే పీకాడు. రోడ్డు అవతల నిలబడి అందరి ముందూ తిట్టాను. ఎవడో వచ్చి కసిగా కొట్టే బదులు నేనైతే కాస్త మెల్లగా కొడతాను కదా బిసేసర్ అన్నా అన్నాడు. వెధవ.

ఇంట్లో నా భార్య ఫూల్‌మతి కూడా వాడి వైపే. ఇద్దరు ఆడపిల్లలున్నారు వాడికి, నీలాగా గోడల్ని చూసి ఏడుస్తూ కూర్చుంటే కడుపు నిండుతుందా అంది. పప్పు గిన్నె గోడకేసి కొట్టాను. తుడిచింది కూడా నేనే.

జూన్ 7

సిగ్గు చంపుకుని ఎమోసిని అడిగాను. పాత ప్రొజెక్టర్ నాకే ఇస్తానని ఓనర్ మాటిచ్చాడు. రేపు మధ్యాహ్నం ట్రక్కు తెస్తాను, అంతవరకూ నా రూం జోలికి పోవద్దు అన్నాను. నీ రూం మీద ఈగ కూడా వాలదు పో అన్నా అన్నాడు.

జూన్ 8, సాయంత్రం ఐదు

ఉన్నదున్నట్టు రాస్తాను.

ట్రక్కుతో వెళ్ళేసరికి నా రూంకి పైకప్పు లేదు. ప్రొజెక్టర్ నేల మీద ముక్కలై ఉంది. ఎమోసి సమ్మెట పట్టుకుని దాని పక్కనే నిలబడ్డాడు. అన్నా, ఒక్క నిమిషం విను అన్నాడు. నేను వినలేదు. కాలి దగ్గర రీలు డబ్బా మూత దొరికింది. రేకు మూత, అన్నం తినే పళ్ళెమంత ఉంటుంది. తీసి బలం కొద్దీ విసిరాను. అంచు కంట్లో దిగింది.

వాడు సమ్మెట వదిలేసి మొహం పట్టుకుని కూలబడ్డాడు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారింది. పడ్డవాణ్ణి తన్నాను. డొక్కలో, రెండుసార్లు. సమ్మెట కోసం చెయ్యి చాచాను కూడా. కూలీలు ముగ్గురు మీదపడి తొక్కిపెట్టకపోతే దాంతో వేసేసేవాణ్ణి. వాళ్ళు నన్ను బాగానే కొట్టారు. రెండు పక్కటెముకలు విరిగాయి. అది చాలదు.

జూన్ 9

ఎమోసి ఎడమ కన్ను పోయింది.

జూన్ 11

పోలీసులకి ఎమోసి ఏమీ చెప్పలేదట. వాణ్ణి జైల్లో పెట్టించి సుఖపెట్టమంటారా అన్నాడట.

ఇవాళ ఫూల్‌మతి నోరు విప్పింది. గురువారం సాయంత్రం నేను ట్రక్కు మాట్లాడటానికి పోయినప్పుడు ఎమోసి మా ఇంటికి వచ్చాడట. పొద్దున్నే ఆ రూం కొట్టెయ్యమంటున్నాడు కాంట్రాక్టర్, లేకపోతే పని మానుకోమంటున్నాడు, అన్నని ఇప్పుడే రమ్మను వదినా, ఇద్దరం కలిసి ప్రొజెక్టర్ని దింపేద్దాం అన్నాడట. ఆమె నాకు చెప్పలేదు. ముప్పై ఏళ్ళూ దాంతోనే కాపురం చేశావు, ఇప్పుడు దాన్ని తెచ్చి నా ఇంట్లో కూడా పెడతావా అంది.

చెయ్యెత్తాను. ఆమె కదల్లేదు. ఇంకో కన్ను కావాలా, తీసుకో అంది.

చెయ్యి దించి పెరట్లోకి పోయాను. నా తప్పులో సగం ఆమె నెత్తిన పెడదామని గంటసేపు ప్రయత్నించాను. కుదరలేదు. మూత విసిరింది నేను. జైలుకైనా పోతాను. వాడు నాతో మాట్లాడకపోతే మాత్రం నేను బతకలేను.

జూన్ 13

ఏటి అవతల ఎమోసి వాళ్ళ ఊళ్ళో, తప్పు చేసినవాడు యాంగోనా వేళ్ళ కట్ట, దంచి నీళ్ళలో కలుపుకుని తాగే మొక్క వేళ్ళు, తీసుకుని దెబ్బతిన్నవాళ్ళ ఇంటి ముందు తల దించుకు కూర్చోవాలి. వాళ్ళు కట్టని చేత్తో అందుకుంటే తప్పుని పూడ్చిపెట్టినట్టే. ఇక దాని ఊసు ఎవరూ ఎత్తకూడదు. అందుకోకపోతే కూర్చోవడమే.

నాకు మొహం చెల్లక కట్టని టాక్సీలో పంపాను. అదే టాక్సీలో తిరిగొచ్చింది. వేళ్ళు మా తోటలోనూ ఉన్నాయి, మనిషిని పంపు అని వాళ్ళ పెదనాన్న కబురు చేశాడు.

జూన్ 14

పొద్దున్నే వెళ్ళి, కట్ట ముందు పెట్టుకుని ఎమోసి ఇంటి వాకిట్లో కూర్చున్నాను. ఎముకలు పొడుస్తున్నాయి. ఎమోసి భార్య సేరా నా చుట్టూ ఊడ్చి, చెత్తంతా నా మోకాళ్ళ దగ్గర కుప్పపోసి లోపలికి పోయింది. ఎమోసి తమ్ముడొకడు నా మీద ఉమ్మాడు. తుడుచుకోలేదు.

జూన్ 15

వాన. ఎవరూ బయటికి రాలేదు.

జూన్ 16, మధ్యాహ్నం

ఎమోసి వచ్చాడు. సగం మొహానికి కట్టు. మొదట నోటికొచ్చినట్టు తిట్టాడు. ఒక్క నిమిషం వినమన్నాను కదరా, ఒక్క నిమిషం అన్నాడు. అన్నా అని పిలవలేదు. తిడుతూ తిడుతూ ఊగిపోయాడు. కొట్టడానికి ఏదైనా దొరుకుతుందా అని చుట్టూ వెతికాడు. దొరికింది నా ముందున్న వేళ్ళ కట్ట ఒక్కటే.

దాంతోనే కొట్టాడు. మొహం మీద, భుజాల మీద, విరిగిన ఎముకల మీద. యాంగోనా వేళ్ళు ఎండితే దుడ్డుకర్రలే. రెండు పళ్ళు ఊడి ఒళ్ళో పడ్డాయి. చెయ్యి అడ్డం పెట్టలేదు. కొట్టు, ఇంకా కొట్టు అన్నాను. కట్టిన తాడు తెగి వేళ్ళు వాకిలంతా పడ్డాయి.

తీసుకున్నాడు అని అరుగు మీంచి వాళ్ళ పెదనాన్న కేక పెట్టాడు. చేత్తో తీసుకున్నాడు, అందరూ చూశారు, ఇక అయిపోయింది అన్నాడు. ఎమోసి తన చేతిలో మిగిలిన వేరు వంక చూసుకున్నాడు. కొట్టడానికి తీశాను పెదనాన్నా అన్నాడు. తీశావా లేదా అది చెప్పు అన్నాడు ముసలాయన. సేరా పకపకా నవ్వి, అంతలోనే ఏడ్చేసింది.

ఎమోసి నా ఎదురుగా కూలబడ్డాడు. ఆ వేళ్ళే ఏరి, కడిగి, దంచి కలిపారు. కొబ్బరి చిప్పతో ముందు వాడు తాగాడు, తర్వాత నేను. నోరంతా భగ్గుమంది. కోపంలో తీశాడో, తెలిసే తీశాడో నేను అడగను. అడగకూడదు.

2013 నవంబర్ 22

కొత్త థియేటర్ తెరిచారు. ఎమోసి, నేను వెళ్ళాం. నేను వాడి ఎడమ పక్కన, నడవా వైపు కూర్చున్నాను. అటునుంచి ఎవరొచ్చినా వాడికి తెలియదు.

సినిమా ఎలా ఉందని ఫూల్‌మతి అడిగింది. నాకేం తెలుసు. రెండు గంటలూ నడవానే చూశాను.