జేజి మీద ఎర్రగీత

జమ్మలమడుగు, శుక్రవారం రాత్రి

కళ్లు మూసుకుంటే ఆ ముసలి వేలు ఇంకా కాగితం మీద కదులుతున్నట్టే ఉంది.

ఆంధ్ర రాష్ట్రమంతా ఒకటే తెలుగు అనుకుని గుంటూరు నుంచి ఈ బడికి వచ్చాను. మొన్న నాలుగో తరగతి ఓబులమ్మ 'మా జేజి' అని వ్యాసం రాస్తే, ఎర్రసిరాతో ఆ మాట కొట్టేసి 'నాయనమ్మ' అని దిద్దాను. మా వైపు జేజి అంటే పసిపిల్లలు దణ్ణం పెట్టే దేవుడు.

ఈరోజు ఆ జేజే బడికి వచ్చింది. చదువు రాదు. మనవరాలు చూపించిన గీత మీద వేలు పెట్టి అడిగింది.

"మా ఇంటాయన సచ్చినాంక ఓట్ల లిస్టులో ఇట్లనే గీత కొట్టినారు. నేనింకా బతికే ఉండాను గదమ్మా, టీచరమ్మా!"

నవ్వబోయి ఆగిపోయాను. గీత చెరపబోతే కాగితం చిరిగింది. దాని కిందే పెద్ద అక్షరాలతో 'జేజి' అని మళ్లీ రాశాను. ఆమె ఆ తడి సిరాను మెల్లగా తడిమింది.

"ఆఁ, ఇప్పుడుండాను" అంది.

బల్ల మీద దిద్దాల్సిన పుస్తకాలు ఇంకా ఉన్నాయి. ఈ ఏడాదిలో నేను ఇంకెంతమందిని కొట్టేశానో...